ఆపవద్దు, పీకండి

ఆఫీసులో ఆమెని అందరూ సర్దుళ్ళమ్మ అనేవారు. ఎదురుగా కాదు, వెనకాల. ఆమెకి ఆ సంగతి తెలుసు. తెలిసినా పట్టించుకునేది కాదు, ఎందుకంటే ఆ పేరులో తప్పేముందో ఆమెకి అర్థమయ్యేది కాదు. ప్రోగ్రాములు రాయడం ఆమె ఉద్యోగం. పక్కవాళ్ళు రాసినవాటిలో తెరిచి మూయకుండా వదిలేసిన ఫైళ్ళూ, వాడి పారేయని ముక్కలూ వెతికి పట్టుకోవడం ఆమె సరదా. బల్ల మీద ఎవరైనా టీ కప్పు తడి ముద్ర వదిలి వెళ్ళారో, ఆ మనిషికి ఆ పూట మూడిందన్నమాటే. ఇంట్లోనూ ఇదే తంతు. ఆ సర్దుడు పిచ్చే వారం క్రితం కొంప ముంచింది.

చెల్లెలు బొమ్మలు వేస్తుంది. పన్నెండో ఏట నుంచి వేసిన బొమ్మలన్నీ ఒక అట్టపెట్టెలో పెట్టి, తాడు కట్టి, మంచం కింద దాచుకుంది. మూలలు చీకిపోయిన ఆ పెట్టెని సర్దుళ్ళమ్మ చెత్త అనుకుంది. ఇల్లు దులుపుతూ దులుపుతూ, తెరిచి చూడకుండానే చెత్తబండికి వేసేసింది. ఆ రోజు నుంచి చెల్లెలు ఆమెతో మాట మానేసింది. "పారేసేముందు ఒక్క మాట అడిగితే నీ నోరు అరిగిపోయేదా?" అని తల్లి కోప్పడితే, "మంచం కింద కుక్కితే చెత్త కాక మరేమనుకోవాలి?" అని ఒంటికాలి మీద లేచింది. లోపల మాత్రం సిగ్గుతో చచ్చిపోతోంది. తప్పయిపోయింది అని చెప్పడం ఆమెకి పుట్టుకతోనే రాని విద్య.

ఇక ఆ రోజు సంగతి. శనివారం, సెలవు. పొద్దున్న తొమ్మిదికే ఎండ మాడ్చేస్తోంది. నాలుగంతస్తుల ఆఫీసులో పురుగు లేదు. సోమవారం నుంచి కొత్త ప్రోగ్రాం వస్తుంది కాబట్టి పాతదాన్ని ఆ రోజే ఆపేయాలి. పాతది అంటే, పదకొండేళ్ళుగా ఆ భవనాన్ని నడుపుతున్న ప్రోగ్రాం. తలుపులు, లిఫ్టు, దీపాలు, నీళ్ళ మోటారు, లోపలికి వచ్చేవాళ్ళ కార్డులు, అన్నీ దాని చేతిలోనే ఉన్నాయి. "పన్నెండు లోపు ఆపేసి నాకు మెసేజ్ పెట్టు. రికార్డుల్లో ఒక్కటి పాడైనా నీదే బాధ్యత" అని మేనేజరు ముందురోజే ఫోన్లో బెదిరించాడు. సెలవు రోజున ఎందుకు రావాలని అడిగే మనిషి కాదామె. పైగా ఎవరూ లేనప్పుడు పని చేయడమంటే ఆమెకి ఇష్టం.

మిషను ఉండేది నేలమాళిగలో, కిటికీ లేని గదిలో. పైన ఎంత ఎండ కాసినా ఆ గదిలో తడిగుడ్డ వాసన పోదు. సన్నటి హోరు ఒకటి, ఎప్పుడూ ఆగదు. కాసేపు అక్కడుంటే ఆ హోరు చెవుల్లోంచి కాకుండా పళ్ళలోంచి వస్తున్నట్టుంటుంది. మిషనుకి ఎదురుగా ఎవరో ఎప్పుడో ఒక కాగితం అతికించారు. అంచులు పచ్చబడి, అక్షరాలు మాత్రం నల్లగా ఉన్నాయి.

"ఆపవద్దు. పీకండి."

ఆ గదికి కాపలా ఒక పెద్దాయన. దుమ్ము దులపడం, కరెంటు పోతే జనరేటర్ వేయడం ఆయన పనులు. ఆయన నోరు మంచిది కాదని ఆఫీసంతా చెప్పుకుంటారు. ఆ రోజు కూడా సర్దుళ్ళమ్మని చూడగానే మొహం చిట్లించాడు.

"ఏం చేద్దామని వచ్చావు దీన్ని?"

"ఆపేస్తాను పెద్దాయనా."

"ఆపకూడదు. ప్లగ్గు పీకెయ్. అంతే."

"అలా పీకేస్తే రికార్డులు పాడైపోతాయి. దేనికైనా ఒక పద్ధతి ఉంటుంది కదా."

"ఉంది పద్ధతి. ఆ పద్ధతిలో ఆపినవాడు ఒక్కడే. దీన్ని రాసినాయన." పెద్దాయన గొంతు తగ్గించాడు. "మొదటి ఏడాదే. ఆదివారం పూట ఒక్కడే వచ్చి కూర్చున్నాడు. సోమవారం నేనొచ్చేసరికి మిషను ఆగి ఉంది. ఆయన లేడు."

"ఎటో వెళ్ళుంటాడు."

"గేటు దాటలేదమ్మా. నేను చెప్పేది అదే. రోజూ నలిగే కుర్చీ నిన్న కొన్నట్టుంది. ఆయన బల్ల మీద సిగరెట్టు మచ్చ ఒకటుండేది, అదీ లేదు. అప్పట్నుంచి ఎప్పుడు ఆపాల్సొచ్చినా నేను పీకుతాను. ఏడాదికోసారి పీకుతాను. మళ్ళీ పెడితే లేస్తుంది. ఎవరికీ ఏమీ కాలేదు."

సర్దుళ్ళమ్మకి నవ్వొచ్చింది. చదువుకోని మనిషి భయమది అనుకుంది. ఇక్కడ ఆమె తెలివి గురించి కాస్త చెప్పాలి. మంచి ప్రోగ్రాం ఏదైనా సరే, తన పని ముగించి వెళ్ళేముందు తెరిచినవి మూసి, తీసుకున్నవి తిరిగిచ్చి, తన చెత్త తనే తీసి వెళ్తుంది. అందుకోసం నడుస్తున్నంతసేపూ ఒక జాబితా రాసుకుంటూ ఉంటుంది. మోటారు వేసిందా, 'వెళ్ళేటప్పుడు మోటారు కట్టేయాలి' అని ఒక వరుస. దీపం వేసిందా, దానికో వరుస. ఆపమని మర్యాదగా చెప్తే ఆ జాబితాని కింద నుంచి పైకి చేసుకుంటూ పోతుంది. చివర రాసింది ముందు, మొదట రాసింది చివర. అదే ప్లగ్గు పీకేస్తే జాబితా ముట్టుకునే వ్యవధి దానికి ఉండదు. ఉన్నపళాన పోయినవాడు ఇల్లు సర్దిపెట్టి పోలేడు కదా. అలాంటి పోకడ సర్దుళ్ళమ్మకి ఒళ్ళుమంట.

ముందురోజు ఆ ప్రోగ్రాంని ఆమె చదివింది కూడా. మోటార్లూ దీపాలూ అయ్యాక మనుషులది వేరే జాబితా. లోపలికి వచ్చినవాళ్ళు కార్డు చూపించగానే వాళ్ళ పేర అందులో ఒక వరుస చేరుతుంది. బయటికి వెళ్తూ మళ్ళీ చూపిస్తే ఆ వరుస పోతుంది. చూసి ముచ్చటపడింది. 'ఎంత పద్ధతిగా రాశాడు మహానుభావుడు' అనుకుంది. లోపల మిగిలిపోయినవాళ్ళ వరుసని అది ఏం చేస్తుందో చెప్పే ముక్క మాత్రం ఒకే ఒక్క మాట. 'శుభ్రం'. రికార్డులో మూసేస్తుంది కాబోలు అని సరిపెట్టుకుంది.

పెద్దాయన చెంబు తీసుకుని లేచాడు. "నేను టీ తాగొస్తాను. వచ్చేదాకా దాని జోలికెళ్ళకు" అని వేలు చూపించి, పై తలుపు దగ్గర చూపించే కార్డు చేత పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆయన మెట్లెక్కిన చప్పుడు ఆగేదాకా ఆగి, ఆ పచ్చబడ్డ కాగితాన్ని ఆమె గోటితో ఒలిచేసింది. జిగురు మరక మిగిలితే తడిగుడ్డ పెట్టి తుడిచింది.

అంతలో గేటు దగ్గర్నుంచి ఫోను. "మీ చెల్లెలంట మేడం. లోపలికి పంపమంటారా?"

పంపమంది. చెల్లెలు వచ్చినవాళ్ళకిచ్చే కార్డు మెళ్ళో వేసుకుని, దడదడా మెట్లు దిగి వచ్చింది. ఎండలో నడిచి మొహమంతా కందిపోయింది. వారం తర్వాత నోరు విప్పింది.

"చెత్తబండి ఎటు పోతుందో కనుక్కుని వెళ్ళాను. అన్నీ కాల్చేశారంట."

"నేను పనిలో ఉన్నానే. ఇంట్లో మాట్లాడుకుందాం."

"ఇంట్లో నీ మొహం చూడను. అందుకే ఇక్కడికొచ్చా. ఒక్కటే అడుగుతా, చెప్పు. తెరిచి చూశావా?"

"...లేదు."

"చూసి పారేసినా ఇంత బాధ ఉండేది కాదక్కా."

ఆ మాట సర్దుళ్ళమ్మకి సూటిగా తగిలింది. ఏదో ఒకటి అనాలి. అనలేకపోయింది. "పైన హాల్లో కూర్చో. పని పది నిమిషాల్లో అయిపోతుంది, కలిసే వెళ్దాం" అంది. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటూ పైకి వెళ్ళిపోయింది. అప్పుడే ఇంటికి పంపేయాల్సింది. ఆ ముక్క ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు.

చివరగా వచ్చినవాడు ఏసీ మెకానిక్కు. సెలవు రోజైతే ఎవరూ అడ్డం రారని వచ్చాడట. భుజాన నిచ్చెన, నోట్లో ఈల. మిషను గది బయట వరండాలో నిచ్చెన వేసుకుని, పైకప్పు పలక ఒకటి మరలు విప్పి దించాడు. బొలబొలమని దుమ్ము రాలింది. "సారీ మేడం, ఊడ్చే వెళ్తాలెండి" అని నవ్వి, మళ్ళీ ఈల అందుకున్నాడు. ఆ దుమ్ము చూసి ఆమెకి చిరాకేసింది. తలుపు మూసుకుని కుర్చీలో కూర్చుంది.

పదకొండూ ఇరవై. ఆపమని రాసి, మీట నొక్కింది.

తెర మీద ఒక్కో వరుస పడుతోంది. పక్కనే ఒక మాట పడుతోంది.

రెండో అంతస్తు నీళ్ళ మోటారు. శుభ్రం.

ఎక్కడో గోడల్లో వినిపించే గురగుర ఆగిపోయింది.

లిఫ్టు. శుభ్రం. హాలు పంకాలు. శుభ్రం. నేలమాళిగ దీపాలు. శుభ్రం.

గది చీకటైపోయింది. తెర వెలుగు ఒక్కటే ఆమె మొహం మీద పడుతోంది. దీపాలు పోతాయని తెలుసు కాబట్టి ఆమె కంగారు పడలేదు. బయట మెకానిక్కు "ఓయ్, లైటు!" అని అరిచాడు. "ఒక్క నిమిషం" అని ఈమె లోపల్నుంచి కేకేసింది.

కార్డు పద్నాలుగు. లోపల ఉన్నారు.

దాని పక్కన 'శుభ్రం' అని పడలేదు. ఆ వరుస కింద చిన్న చిన్న వరుసలు మొదలయ్యాయి. 'లైటు అని అరిచారు. శుభ్రం.' 'దుమ్ము రాలింది. శుభ్రం.' 'పలక దించారు. శుభ్రం.'

ఇదేమిటి? ఇలాంటిది తను చదివిన ప్రోగ్రాంలో లేదు. ఆమె ముందుకి వంగింది.

అప్పుడు వరండాలోంచి ఈల వినిపించింది. ఇందాకటి పాటే. కానీ చివర్నుంచి మొదటికి వస్తోంది. ఊపిరి బయటికి వదిలి వేసే ఈల కాదది, లోపలికి పీల్చుకుంటూ వేస్తున్నది. ఆ వెనకే మరలు బిగిస్తున్న చప్పుడు. ఒకటి... రెండు... మూడు... నాలుగు. నిచ్చెన మడిచిన చప్పుడు. ఈల సన్నబడి సన్నబడి... ఆగిపోయింది.

కార్డు పద్నాలుగు. శుభ్రం.

"మెకానిక్కు గారూ?" అంది.

తలుపు తీసి ఫోను వెలుగు వేసి చూసింది. పైకప్పు పలక దాని చోట అది ఉంది, నాలుగు మరలతో. నిచ్చెన లేదు. సంచి లేదు. నేల మీద దుమ్ము లేదు. దుమ్మే కాదు, ఏళ్ళ తరబడి పడ్డ చెప్పుల గీతలు కూడా లేవు. అతను నిలబడ్డచోట నేల తళతళ మెరుస్తోంది. ఆమెకి ముందుగా వచ్చిన ఆలోచన, ఎంత శుభ్రంగా ఉంది అని.

వెనక్కి తిరిగి తెర వైపు చూసింది.

కార్డు పదమూడు. లోపల ఉన్నారు.

మెకానిక్కుకి ముందు వచ్చింది ఎవరు?

చెల్లెలు.

ఆపడానికి తెలిసిన మీటలన్నీ నొక్కింది. పోయేముందు సర్దుకుంటున్న ప్రోగ్రాం మరో మాట చెవిన పెట్టదు. ఆ సంగతి ఆమెకి తెలియంది కాదు. అయినా నొక్కింది. వరుసలు పడుతూనే ఉన్నాయి.

కుర్చీలో కూర్చున్నారు. శుభ్రం. ఏడ్చారు. శుభ్రం. మెట్లు దిగారు. శుభ్రం.

"వద్దు... వద్దు..."

చెత్తబండి వెనకాల వెళ్ళారు. శుభ్రం. పెట్టె వెతికారు. శుభ్రం.

ప్లగ్గు! మిషను వెనక్కి పరిగెత్తి, మోకాళ్ళ మీద పడింది. అక్కడ వైర్లన్నీ ఒద్దికగా, ఒకదాని పక్కన ఒకటి, ప్లాస్టిక్ పట్టీలతో బిగించి ఉన్నాయి. క్రితం నెల తనే బిగించింది. ఎవరి కాలో తగిలి ఊడిపోకుండా ప్లగ్గుని కూడా మూడు పట్టీలతో గోడకి కట్టేసింది. ఆ రోజు ఎంత గర్వపడిందో! ఇప్పుడు గోళ్ళతో పీకుతుంటే పట్టీలు వేళ్ళలోకి దిగుతున్నాయి. తల తిప్పితే తెర కనపడుతోంది. వరుసలు చదవడానికి వీల్లేనంత వేగంగా పరిగెడుతున్నాయి. ఒక పట్టీ తెగింది. రెండోది పళ్ళతో కొరికింది. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. మూడోది తెగలేదు. గోడకి కాలు తన్నిపెట్టి, ఒళ్ళంతా బలం చేసి లాగింది.

ఊడింది.

హోరు ఆగిపోయింది. ఆ గదిని అంత నిశ్శబ్దంగా ఆమె ఎన్నడూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో తన ఊపిరి చప్పుడుకి తనే ఉలిక్కిపడింది.

మెట్లు ఎలా ఎక్కిందో తెలీదు. హాల్లోకి వచ్చేసరికి అద్దాల్లోంచి ఎండ కళ్ళలో పొడిచింది. చెల్లెలు సోఫా పక్కన నిలబడి ఉంది. ఉంది! సర్దుళ్ళమ్మ ఒక్క ఉరుకున వెళ్ళి వాటేసుకుంది. భుజాలు తడిమింది, జుట్టు తడిమింది, చేతులు పట్టుకుని చూసింది. ఎన్నేళ్ళయిందో చెల్లెల్ని అలా పట్టుకుని.

"ఏంటక్కా, చేతులకి ఆ రక్తమేంటి?" చెల్లెలు గాభరాగా తన చున్నీ చింపబోయింది. గొంతులో కోపం జాడ లేదు.

"నన్ను క్షమించవే. ఆ పెట్టె... నేను చూడాల్సింది. చూడకుండా పారేశాను."

చెల్లెలు ఆమె మొహంలోకి చూసింది. ప్రేమగానే చూసింది.

"ఏ పెట్టె?"

సిగ్గులేని నిజం ఒకటి చెప్పాలి. ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం, ఆమె మనసు తేలికపడింది. పోనీలే, మర్చిపోయింది అనుకుంది. ఆ తర్వాత చెల్లెలి కుడిచెయ్యి చూసింది. రెండేళ్ళ క్రితం వేడినీళ్ళు పడి మోచేతి నుంచి మణికట్టు దాకా కాలిన మచ్చ ఉండాలి. చర్మం నున్నగా ఉంది. మచ్చ మానినట్టు కాదు, ఎన్నడూ కాలనట్టు.

పెద్దాయన చెంబుతో లోపలికొచ్చాడు. కార్డు చూపిస్తే తలుపు తెరుచుకోకపోయేసరికి కాపలావాడి చేత తోయించుకుని వచ్చాడు. అక్కాచెల్లెళ్ళని, రక్తం ఓడుతున్న వేళ్ళని చూసి ఆయనకి అర్థమైపోయింది. చెంబు కింద పెట్టి, అక్కని పక్కకి పిలిచాడు.

"ఆపావా?"

"ఆపాను. తర్వాత... పీకాను."

"మధ్యలోనా?" ఆయన మొహం పాలిపోయింది. "ఎవరి వంతులో ఉండగా?"

ఆమె కళ్ళతో చెల్లెల్ని చూపించింది. పెద్దాయన గుసగుసగా అన్నాడు.

"ముందే పీకితే ఏమీ అయ్యేది కాదు. మొత్తం వదిలేస్తే ఏమవుతుందో చూశాను. మధ్యలో పీకినవాళ్ళు ఇన్నేళ్ళలో ఎవరూ లేరు. ఆ మిగిలిన పని ఎవరు చేస్తారో నాకు తెలీదు."

"మిషను ఆగిపోయిందిగా! ఇంకేం చేస్తుంది?"

"మిషను ఆగింది." అంతే అన్నాడాయన. గేటు దగ్గరి పుస్తకం తెప్పించి చూశారు. మెకానిక్కు సంతకం పెట్టిన గీత మీద తెల్లకాగితం తప్ప ఏమీ లేదు. కలం ఒత్తిడి కూడా వేలికి తగల్లేదు. పెద్దాయన పుస్తకం మూసేసి, "మీ చెల్లెల్ని తీసుకుని ఇక్కణ్ణుంచి వెళ్ళిపో. మళ్ళీ ఈ గడప తొక్కకు" అన్నాడు. అది తిట్టో జాలో ఆమెకి తెలియలేదు.

ఇద్దరూ బస్సెక్కారు. మధ్యాహ్నం కావడంతో బస్సు సగానికి సగం ఖాళీ. ముందు సీట్లో ఒక ముసలావిడ ఒళ్ళో సంచి పెట్టుకుని కునుకుతోంది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని, అక్క చెయ్యి గట్టిగా పట్టుకుని, చిన్నప్పటిలా భుజం మీద తల వాల్చింది. రెండు నిమిషాల్లో నిద్రపోయింది. దాని జుట్టు వాసన, ఒంటి వెచ్చదనం తెలుస్తుంటే సర్దుళ్ళమ్మకి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంటికి వెళ్ళాక డాక్టరుకి చూపిద్దాం, పోయినవి ఒక్కొక్కటే మళ్ళీ చెప్పుకుందాం, బొమ్మలు మళ్ళీ వేయిద్దాం అనుకుంది. అలా అనుకుంటూ ఉండగానే చెవి దగ్గర చిన్న గుసగుస వినిపించింది.

చెల్లెలి పెదవులు కదులుతున్నాయి.

"కాలేజీ చివరి రోజు... శుభ్రం."

"ఏమే... లేవవే" అని కుదిపింది. తల అటూ ఇటూ ఊగింది గానీ కళ్ళు తెరుచుకోలేదు.

"నీలం సైకిలు... శుభ్రం. ఎనిమిదో తరగతి... శుభ్రం. బొమ్మలు వేయడం... శుభ్రం."

గొంతు చెల్లెలిదే. ఆ గొంతులో కోపం లేదు, బాధ లేదు. పని తొందరగా తెమిలిపోవాలన్న ఆత్రం కూడా లేదు. వరుసగా, ఒకదాని తర్వాత ఒకటి, వెనక్కి వెనక్కి వెళ్ళిపోతోంది. సర్దుళ్ళమ్మ దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. అరచేతి కింద పెదవులు కదులుతూనే ఉన్నాయి. దీనికి పీకడానికి ప్లగ్గు ఎక్కడుంది? చెంప మీద కొట్టింది. గట్టిగానే కొట్టింది. నీళ్ళ సీసా మొహాన గుమ్మరించింది. ముసలావిడ కునుకు చెదిరి, విసుక్కుని, మళ్ళీ కళ్ళు మూసుకుంది.

"నాన్న పోయిన రోజు... శుభ్రం. నాన్న... శుభ్రం."

"చాలే... ఇంక చాలే..."

"నడక... శుభ్రం. పాలు... శుభ్రం. అమ్మ... శుభ్రం."

ఇంకొక్కటే మిగిలింది. అదేమిటో ఆమెకి తెలుసు. చెల్లెలు పుట్టినప్పుడు తల్లికి స్పృహ లేదు. నర్సు గుడ్డలో చుట్టి, బయట బెంచీ మీద కూర్చున్న తొమ్మిదేళ్ళ పిల్ల ఒళ్ళో పెట్టింది. ఈ లోకంలో చెల్లెలు మొట్టమొదట చూసిన మొహం తనది. అమ్మకంటే ముందు తనే. ఇన్నాళ్ళూ ఆ సంగతి ఇంటికి వచ్చినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకునేది. జాబితాలో మొదటి వరుస. చివర మిగిలేది.

చెల్లెలి వేళ్ళు ఆమె చేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాయి. పెదవులు ఆగిపోయాయి. చాలాసేపు ఆగిపోయాయి. సర్దుళ్ళమ్మ దాని నుదురుకి తన నుదురు ఆనించి, "అది వద్దమ్మా. అదొక్కటీ వదిలెయ్. నీ పెట్టె పారేసినందుకు నన్నేమైనా చెయ్, అది మాత్రం వద్దు" అని గొణిగింది. జన్మలో ఎవర్నీ అలా బతిమాలలేదు.

"అక్క..." అంది చెల్లెలు.

ఆమె ఊపిరి బిగపట్టింది.

"...శుభ్రం."

పట్టుకున్న వేళ్ళు విడిపోయాయి. భుజం మీది తల పక్కకి జరిగి, కిటికీ కమ్మీకి ఆనుకుంది, పక్క సీట్లో కొత్త మనిషి ఉంటే సర్దుకుని కూర్చున్నట్టు. సర్దుళ్ళమ్మ కదలలేదు. ఏడవలేదు. అయిపోయింది అనుకుంది. ఇంతకు ముందు ఇంకేమీ లేదు కాబట్టి, ఇక అయిపోయినట్టే.

అయిపోలేదు.

చెల్లెలి పెదవులు మళ్ళీ కదిలాయి. ఈసారి ఒక పేరు చెప్పింది. పాతకాలం పేరు. వాళ్ళ ఇంట్లో గానీ, చుట్టాల్లో గానీ, ఇరుగుపొరుగులో గానీ ఎవరికీ లేని పేరు.

ముందు సీట్లో ముసలావిడ, ఎవరో తనని పేరు పెట్టి పిలిచినట్టు కళ్ళు తెరిచి, "ఆఁ... వస్తున్నా" అంటూ లేచి వెనక్కి తిరిగింది.